అంత్యక్రియల దగ్గర నిరసన: చట్టం గీత ఎక్కడ గీసింది?

ప్రశ్న: మేం అమెరికా వచ్చి పద్దెనిమిదేళ్లయింది. మా పక్కింటి వాళ్ల అబ్బాయి సైన్యంలో పనిచేస్తూ ఈమధ్య చనిపోయాడు. మా ఇంట్లోనే ఆడుకుంటూ పెరిగిన పిల్లాడు. చర్చిలో అంత్యక్రియలకు వెళ్తుంటే, రోడ్డుకు అవతల కొంచెం దూరంలో కొంతమంది ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. సైనికుడు చనిపోవడం దేవుడు వేసిన శిక్ష అని, నరకానికి పోతారని రాసి ఉంది. ఒక ప్లకార్డు పదేళ్లు కూడా నిండని పిల్ల చేతిలో ఉంది. అక్కడున్న పోలీసును అడిగితే, 'వాళ్లు నిలబడాల్సిన చోటే నిలబడ్డారు మేడమ్' అన్నాడు. అదృష్టం ఏంటంటే, కుటుంబం కార్లు వేరే వైపు నుంచి వచ్చాయి. ఆ తల్లి వాటిని చదివి ఉండదనే అనుకుంటున్నాను. ఇంటికొచ్చి బాధపడుతుంటే, హైస్కూల్లో చదివే మా అబ్బాయి 'అమ్మా, అది వాళ్ల హక్కు, సుప్రీంకోర్టే చెప్పింది' అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. 'నువ్వసలు మనిషివేనా' అని అరిచాను. అప్పటి నుంచి ఇద్దరి మధ్య సరిగా మాటల్లేవు. ఏడుస్తున్న తల్లి ముందు నిలబడి తిట్టడం కూడా వాక్ స్వాతంత్ర్యమేనా? మన దేశంలో అయితే ఇలా ఊరుకుంటారా? మళ్లీ ఇలాంటిది జరిగితే నేనేం చేయాలి? ఆ ప్లకార్డులను ఫోన్లో ఫొటోలు తీశాను. అందరికీ తెలిసేలా ఫేస్‌బుక్‌లో పెట్టాలా?
— ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీ కోపంలో తప్పేమీ లేదు. చేతుల మీద పెరిగిన పిల్లాడి శవపేటిక లోపల ఉంటే, బయట ఎవరో వాడి చావుకు దేవుడికి దణ్ణం పెడుతుంటే, ఒళ్లు మండకపోతేనే ఆశ్చర్యపోవాలి. అయితే మీ అబ్బాయి చెప్పింది కూడా తప్పు కాదు. చట్టం నిజంగానే అలా ఉంది. ఎందుకలా ఉందో తెలిస్తే మీ బాధ తగ్గుతుందని నేను అనను. కానీ ఎవరి మీద కోప్పడాలో, ఎక్కడ ఏం చేయొచ్చో తెలుస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ అబ్బాయి చెప్పిన కేసు పేరు స్నైడర్ వర్సెస్ ఫెల్ప్స్. మాథ్యూ స్నైడర్ అనే మెరైన్ సైనికుడు 2006 మార్చిలో ఇరాక్‌లో చనిపోయాడు. వాళ్ల సొంతూరు మేరీలాండ్ రాష్ట్రంలోని వెస్ట్‌మిన్‌స్టర్. అక్కడి క్యాథలిక్ చర్చిలో మార్చి 10న అంత్యక్రియలు జరిగాయి. కాన్సాస్ రాష్ట్రంలోని టొపీకా నుంచి వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చి వాళ్లు ఏడుగురు అక్కడికి వచ్చారు. పాస్టర్ ఫ్రెడ్ ఫెల్ప్స్, ఆయన కూతుళ్లు, మనవలు. చర్చి అని పేరేగానీ అందులో ఎక్కువమంది ఒకే కుటుంబం వాళ్లు. అమెరికా స్వలింగ సంపర్కులను సహిస్తోంది కాబట్టి దేవుడు ఆ దేశ సైనికులను చంపి పగ తీర్చుకుంటున్నాడని వాళ్ల వాదన. మాథ్యూ స్వలింగ సంపర్కుడు కూడా కాదు. ఆ కుటుంబానికీ వాళ్లకూ ముందు ముఖపరిచయం కూడా లేదు. సైనికుడి అంత్యక్రియలైతే టీవీ కెమెరాలు వస్తాయి. వాళ్లకు కావలసింది అదే.

ఆ రోజు జరిగింది కాస్త దగ్గరగా చూడండి, కేసంతా అందులోనే ఉంది. పోలీసులు వాళ్లకు రోడ్డు పక్కన ప్రభుత్వ స్థలంలో పది అడుగుల వెడల్పు, ఇరవై అయిదు అడుగుల పొడవున్న జాగా చూపించి, చుట్టూ తాత్కాలికంగా కంచె కట్టారు. చర్చి అక్కడికి సుమారు 1,000 అడుగుల దూరం. అంత్యక్రియలు మొదలయ్యే ముందు ఓ అరగంట సేపు వాళ్లు అక్కడ నిలబడ్డారు. 'సైనికులు చచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు', '9/11 జరిగినందుకు దేవుడికి కృతజ్ఞతలు', 'నువ్వు నరకానికే పోతావు' లాంటి ప్లకార్డులు పట్టుకున్నారు. భక్తి గీతాలు పాడారు, బైబిల్ వాక్యాలు చదివారు. కేకలు వేయలేదు, నోటితో బూతు మాట అనలేదు, శ్మశానంలోకి అడుగు పెట్టలేదు. మాథ్యూ తండ్రి ఆల్బర్ట్ స్నైడర్ ఉన్న కారు వాళ్లకు రెండు మూడు వందల అడుగుల దూరం నుంచి వెళ్లింది. ఆయనకు ప్లకార్డుల పైఅంచులు కనిపించాయిగానీ వాటి మీద ఏం రాసి ఉందో కనిపించలేదు. ఆ రాత్రి టీవీ వార్తల్లో చూశాకే తెలిసింది.

కొడుకు గుర్తొచ్చినప్పుడల్లా ఆ ప్లకార్డులూ గుర్తొస్తున్నాయని, రెంటినీ విడదీసుకోలేకపోతున్నానని ఆయన కోర్టులో చెప్పుకున్నాడు. ఏడుపొస్తుంది, కోపమొస్తుంది, ఒంట్లో బాగుండదు. కన్నకొడుకును తలుచుకోవడం కూడా కష్టమైపోయిన తండ్రి ఆయన. తనను కావాలని మానసికంగా హింసించారని కేసు వేశాడు. 2007లో జ్యూరీ ఆయన పక్షాన నిలిచి, మొత్తం కోటీ తొమ్మిది లక్షల డాలర్లు కట్టాలంది. జడ్జి దాన్ని యాభై లక్షలకు తగ్గించాడు. 2009లో అప్పీలు కోర్టు ఆ తీర్పును పూర్తిగా కొట్టేసింది. అంతటితో ఆగలేదు, ఎదుటి పక్షం అప్పీలు ఖర్చులు పదహారు వేల డాలర్ల పైచిలుకు ఆ తండ్రే కట్టాలని ఆదేశించింది. చట్టప్రకారం ఓడినవాళ్లు కట్టాల్సిన ఖర్చులే అవి. అయినా కొడుకును పోగొట్టుకున్న మనిషి, ఆ చావును పండగ చేసుకున్నవాళ్లకు డబ్బు కట్టాలంటే వినడానికే కష్టంగా ఉంటుంది.

సుప్రీంకోర్టు 2011 మార్చి 2న తీర్పు చెప్పింది. ఎనిమిది మంది జడ్జీలు వెస్ట్‌బరో పక్షం, ఒక్కరు తండ్రి పక్షం. తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్. అందులో ఆయన ఆ ప్లకార్డులను ఎక్కడా మెచ్చుకోలేదు, ఆ మాటలు ఘోరమైన నొప్పి కలిగించాయని ఒప్పుకున్నాడు. యుద్ధం, సైన్యంలో స్వలింగ సంపర్కులు, క్యాథలిక్ ఫాదరీల కుంభకోణాలు, ఇవన్నీ దేశమంతా వాదించుకుంటున్న విషయాలు కాబట్టి అది ప్రజా విషయాల మీద మాట్లాడటమే అన్నాడు. ఒకటి రెండు ప్లకార్డులు ఆ కుటుంబాన్ని ఉద్దేశించినట్టు అనిపించినా, మొత్తం మీద చూస్తే గొడవ దేశంతోనే అన్నాడు. నిలబడింది పబ్లిక్ స్థలం, పోలీసులు చెప్పిన చోటే నిలబడ్డారు, అంత్యక్రియలకు అడ్డం పడలేదు. కాబట్టి వాళ్లు చెప్పిన మాటకు శిక్ష వేయలేమని తేల్చాడు.

అడ్డం తిరిగిన ఆ ఒక్కరు జస్టిస్ అలీటో. మీరు అడిగిన ప్రశ్నే ఆయనా అడిగాడు. ఈ గుంపుకు తమ మాట చెప్పుకోవడానికి దేశంలో ఇంకెక్కడా చోటు లేదా? అదే రోజు వాళ్లు మేరీలాండ్ శాసనసభ భవనం దగ్గరా, నౌకాదళ అకాడమీ దగ్గరా కూడా నిలబడ్డారు. అక్కడ చెప్పుకున్నారు కదా, మరి ఈ తండ్రి దగ్గరకు ఎందుకు రావాలి? బహిరంగ చర్చ జరగాలంటే అమాయకులను ఇలా చిత్రహింస పెట్టనివ్వక్కర్లేదని రాశాడు. చదివిన ప్రతిసారీ ఈ మాట నన్ను పట్టి ఆపుతుంది. ఏడుస్తున్న మనిషిని మెట్టుగా వాడుకుని కెమెరాకు ఎక్కడం ఏ చర్చా కాదు.

అయినా నేను ఆ ఎనిమిది మంది పక్షమే. కారణం చెప్తాను, ఇక్కడ మీరు నాతో ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు.

కేసు దేని మీద నడిచిందో గమనించండి. 'ఇది మరీ దారుణం' అని జ్యూరీ సభ్యులకు అనిపిస్తే కోట్ల డాలర్ల జరిమానా వేయొచ్చా అన్నదే ప్రశ్న. వెస్ట్‌బరో విషయంలో ఎవరినడిగినా దారుణమనే అంటారు. కానీ అదే ఆయుధం ఇంకొకరి చేతికీ వెళ్తుంది. 1960ల్లో అలబామాలో నల్లజాతి విద్యార్థుల ఉద్యమానికి మద్దతుగా న్యూయార్క్ టైమ్స్‌లో ఒక ప్రకటన వేశారు. అందులో చిన్నచిన్న తప్పులున్నాయని పట్టుకుని, అక్కడి అధికారి ఒకాయన పరువునష్టం కేసు వేశాడు. స్థానిక జ్యూరీ అయిదు లక్షల డాలర్లు కట్టమంది. ఆ ఊళ్లో ఆ జ్యూరీకి ఉద్యమకారుల మాటలే దారుణం. 1964లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేయకపోయి ఉంటే, ఉద్యమం గురించి ఒక్క ముక్క రాయడానికి ఏ పత్రికకూ ధైర్యం చాలేది కాదు. లాఠీలు, కుక్కలు చేయలేని పని నష్టపరిహారం కేసులు చేసి పెట్టేవి. మనలాంటి వలస వచ్చినవాళ్లకైతే ఇది ఇంకా బాగా అర్థం కావాలి. ఏ కౌంటీలోనైనా జ్యూరీలో కూర్చునేవాళ్లలో మనవాళ్లు ఎంతమంది ఉంటారు? మన గుడి గురించో, మన వీసాల గురించో మనం రోడ్డు మీద నిలబడి చెప్పే మాట ఎవరికి దారుణంగా వినిపిస్తుందో ముందే చెప్పగలమా?

అలాగని హద్దులే లేవని కాదు. ఈ మాట మీ అబ్బాయికి కూడా చెప్పండి, ఎందుకంటే 'అది వాళ్ల హక్కు' అన్న మాటలో సగం నిజమే ఉంది. ఏం మాట్లాడాలో చెప్పే అధికారం ప్రభుత్వానికి చాలా తక్కువ. ఎక్కడ, ఎప్పుడు, ఎంత గట్టిగా అన్నదాని మీద మాత్రం అధికారం ఉంది, అది అందరికీ ఒకేలా వర్తించాలి. చర్చి లోపలికి గానీ, ప్రైవేటు శ్మశానంలోకి గానీ వచ్చి నిరసన చేసే హక్కు ఎవరికీ లేదు, అది దౌర్జన్యంగా చొరబడటమే. చంపుతామని బెదిరిస్తే అది వాక్ స్వాతంత్ర్యం కిందికి రాదు. అప్పటికప్పుడు దాడి చేయమని గుంపును ఎగదోస్తే రాదు. ఒకరి ఇంటి ముందే నిలబడి ఆ ఇంటినే లక్ష్యంగా చేసుకుని పికెటింగ్ చేయకుండా నిషేధించొచ్చని 1988లో విస్కాన్సిన్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. ఇంట్లో ఉన్న మనిషి ఇంకెక్కడికి పారిపోతాడు అని ఆ తీర్పు తర్కం. తమవాళ్లను సాగనంపడానికి వచ్చినవాళ్లు కూడా అలాగే కదలడానికి వీల్లేని స్థితిలో ఉంటారు కదా! ఆ తర్కాన్ని అంత్యక్రియలకు కూడా కొంత వర్తింపజేసి, ఒహాయో రాష్ట్రం పెట్టిన 300 అడుగుల నిబంధన సరైనదేనని 2008లో ఒక అప్పీలు కోర్టు తేల్చింది. మిస్సోరీలోని మాంచెస్టర్ పట్టణం పెట్టుకున్న అలాంటి నిబంధనను 2012లో మరో అప్పీలు కోర్టు సమర్థించింది.

స్నైడర్ తీర్పు వచ్చే నాటికే 44 రాష్ట్రాల్లో, కేంద్రంలో అంత్యక్రియల దగ్గర నిరసనలను కట్టడి చేసే చట్టాలున్నాయి. మాథ్యూ అంత్యక్రియల రోజున మేరీలాండ్‌లో మాత్రం అలాంటి చట్టం లేదు, తర్వాత చేశారు. 2011 జనవరిలో అరిజోనాలోని టూసాన్‌లో కాల్పులు జరిగి తొమ్మిదేళ్ల పాప కూడా చనిపోయింది. ఆ పాప అంత్యక్రియలకు వస్తామని వెస్ట్‌బరో ప్రకటిస్తే, అరిజోనా శాసనసభ హడావుడిగా 300 అడుగుల చట్టం చేసేసింది. సైనికుల అంత్యక్రియలకు కేంద్ర చట్టం వేరే ఉంది. 2012లో దాన్ని గట్టిపరిచారు. కార్యక్రమానికి రెండు గంటల ముందు నుంచి, అయ్యాక రెండు గంటల వరకు, 300 అడుగుల లోపల కావాలని గోల చేసి ప్రశాంతతను చెడగొడితే నేరం. అంతకన్నా దూరంలో, మెదలకుండా నిలబడ్డవాళ్లను ఇది అంటుకోదు. మీకు ఆ పోలీసు చెప్పిన మాటకు అర్థం ఇదే. ఆయన వాళ్లను సమర్థించలేదమ్మా. కొలత చూసుకున్నాడు, అంతే.

నా అభిప్రాయంలో చట్టం చేయాల్సిన పని ఇదే. ఫలానా మాట అనొద్దు అని కాదు, ఆ తల్లి కంటికీ చెవికీ అందనంత దూరం జరగండి అని. 300 అడుగులు చాలవని మీకు అనిపిస్తే, ఆ కోరిక న్యాయమైనదే. మీ రాష్ట్రంలో నిబంధన ఎంతో చూసి, మీ శాసనసభ్యుడికి ఉత్తరం రాయండి. పౌరసత్వం లేకపోయినా రాయొచ్చు.

మన దేశంలో అయితే ఊరుకుంటారా అని అడిగారు. ఊరుకోరు. రాజ్యాంగం 19వ అధికరణం వాక్ స్వాతంత్ర్యం ఇస్తూనే, శాంతిభద్రతలు, సభ్యత, నైతికత లాంటి కారణాలతో సహేతుకమైన ఆంక్షలు పెట్టొచ్చని పక్కనే చెప్పింది. అంత్యక్రియలకు చేరిన జనాన్ని వాళ్ల మనసు గాయపరచాలని ఆటంకపరిస్తే ఏడాది దాకా జైలు. పాత శిక్షాస్మృతిలో అది 297వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 301. ఆ ప్లకార్డులు పట్టుకుని గుంటూరులోనో వరంగల్‌లోనో నిలబడితే సెక్షన్ల దాకా కూడా వెళ్లదు, జనమే చేయి చేసుకుంటారు, పోలీసులు వచ్చేది వాళ్లను కాపాడ్డానికి.

కానీ మన దగ్గర చావు చుట్టూ జరిగే నిరసన చాలావరకు వేరే రకం. మీరు చూసే ఉంటారు. వైద్యం సరిగా చేయలేదని ఆస్పత్రి ముందు శవంతో బైఠాయిస్తారు. ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే పరిహారం తేల్చేదాకా గేటు ముందు నుంచి శవాన్ని కదలనివ్వరు. అక్కడ నిరసన చేసేది బయటివాళ్లు కాదు, పోగొట్టుకున్నవాళ్లే. అంబులెన్స్ పక్కన మట్టిలో కూర్చున్న ఆ భార్యకు, తన మాట కలెక్టరు చెవిన పడాలంటే ఇంకో దారి లేదు. శవాన్ని మట్టిచేశాక ఎవరూ తలుపు తీయరని ఆమెకు తెలుసు. రాజస్థాన్‌లో 2023లో మృతదేహానికి గౌరవం పేరుతో చట్టం చేసి, శవంతో నిరసన చేయడాన్ని శిక్షార్హం చేశారు. కుటుంబ సభ్యులను కూడా వదల్లేదు. శవాలతో రాజకీయం చేసేవాళ్లూ ఉంటారు, కాదనను. అయినా ఆ చట్టం నాకు మింగుడుపడదు. చావు దగ్గర నిరసనే ఉండకూడదు అని ఒక్కమాటలో కొట్టిపారేస్తే, ముందు దెబ్బ తగిలేది ఆ భార్యకే. అందుకే దూరం, సమయం అనే కొలతలు నాకు నచ్చుతాయి. పరాయి దుఃఖంలోకి తోసుకొచ్చేవాణ్ణి ఆపుతూనే, తన దుఃఖం చెప్పుకునేవాళ్ల నోరు మూయకుండా రాయడానికి వాటితో వీలవుతుంది.

ఇక మళ్లీ ఇలాంటిది జరిగితే మీరేం చేయాలి?

వాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. ప్లకార్డు లాక్కోవద్దు, వాదన పెట్టుకోవద్దు, మీద చేయి అసలే వేయొద్దు. వెస్ట్‌బరో కుటుంబంలో చాలామంది లాయర్లు, సుప్రీంకోర్టులో వాళ్ల తరఫున వాదించింది కూడా ఫెల్ప్స్ కూతురే. ఎవరైనా మీద పడితే వాళ్లకు కేసూ దొరుకుతుంది, టీవీలో ఇంకో రోజూ దొరుకుతుంది. పైగా మీలో ఎవరైనా వీసా మీద గానీ గ్రీన్‌కార్డు మీద గానీ ఉంటే, ఇలాంటి తోపులాటలో అరెస్టయితే ఆ టెన్షన్ ఏళ్ల తరబడి వదలదు.

చేయగలిగింది వేరే ఉంది. అమెరికన్లు దీన్ని చట్టం కన్నా ముందే, చట్టం కన్నా బాగా చేసి చూపించారు. 1998లో వయోమింగ్ రాష్ట్రంలో మాథ్యూ షెపర్డ్ అనే కాలేజీ కుర్రాణ్ణి స్వలింగ సంపర్కుడన్న ద్వేషంతో కొట్టి చంపారు. అతని అంత్యక్రియలకు వెస్ట్‌బరో వాళ్లు వచ్చారు. మరుసటి ఏడాది హంతకుల్లో ఒకడి విచారణకూ వచ్చారు. అప్పుడు ఆ అబ్బాయి స్నేహితురాలు రొమేన్ ప్యాటర్సన్, ఇంకొందరు కలిసి తెల్లటి దుస్తులు వేసుకుని, పెద్ద పెద్ద దేవదూత రెక్కలు కట్టుకుని వచ్చారు. ప్లకార్డులకు వీపు పెట్టి వరసగా నిలబడి రెక్కలు చాచారు. ఒక్క మాట మాట్లాడలేదు. రెక్కల వెనక ప్లకార్డులు కనబడకుండా పోయాయి. 2016లో ఆర్లాండో నైట్‌క్లబ్‌లో 49 మందిని కాల్చి చంపినప్పుడు కూడా ఆ అంత్యక్రియల దగ్గర అవే రెక్కలు లేచాయి. సైనికుల విషయంలో పేట్రియాట్ గార్డ్ రైడర్స్ అని మోటార్‌సైకిళ్ల వాళ్లున్నారు. 2005లో కాన్సాస్‌లోనే మొదలైంది. కుటుంబం కోరితే వస్తారు, పెద్ద జెండాలు పట్టుకుని వరసగా నిలబడి మధ్యలో అడ్డుగోడ అవుతారు. అవతలివాళ్లు పాటలు మొదలుపెడితే ఇంజిన్లు స్టార్ట్ చేసి ఆ చప్పుడులో ముంచేసిన సందర్భాలూ ఉన్నాయి.

ఈ పని చేయడానికి మనవాళ్లు ఎందుకు వెనకాడాలి? మీ కాలనీలో నాలుగైదు తెలుగు కుటుంబాలు ఉండే ఉంటాయి. పండగలకు అందరం కలుస్తాం, పొరుగువాళ్ల చావు దగ్గరకు వచ్చేసరికి సంకోచిస్తాం. వాళ్ల పద్ధతులు మనకు తెలియవని, ఎక్కడ నిలబడాలో ఏం మాట్లాడాలో అని. ఇలాంటప్పుడు మాట్లాడాల్సిన పనే లేదు. ముందుగా ఫ్యూనరల్ హోమ్ వాళ్లకు ఫోన్ చేసి, కుటుంబానికి ఇష్టమేనా అని కనుక్కోండి. ఇష్టమైతే పోలీసులకు చెప్పి, వాళ్లు చూపించిన చోట గొడుగులో, తెల్ల దుప్పట్లో పట్టుకుని నిలబడండి. కార్లు ఏ దారిన వస్తే మంచిదో ఫ్యూనరల్ హోమ్ వాళ్లకు తెలుస్తుంది, అది కూడా ముందే అడగండి. మీ పక్కింటావిడ ఏమీ చూడకుండా లోపలికి వెళ్లగలిగిందంటే, బహుశా ఎవరో ఆ ఏర్పాటు చేసే ఉంటారు.

మీ అబ్బాయి సంగతి. 'నువ్వసలు మనిషివేనా' అన్న మాట వెనక్కి తీసుకోండి. చిన్నప్పటి నుంచి తనతో ఆడుకున్న పిల్లాడు చనిపోయాడు. మీ అబ్బాయికి బాధ లేకుండా ఉంటుందా? ఆ వయసులో మగపిల్లలు ఏడవడానికి బదులు ఇలా లా పాయింట్లు మాట్లాడతారు. తనకు తెలిసిన విషయాన్ని పట్టుకుని వేలాడతారు. దగ్గర కూర్చోబెట్టుకుని, నువ్వు చెప్పిన తీర్పు నిజమేరా, నాకు చదివి వినిపించు అనండి. అలీటో రాసింది కూడా చదవమనండి. తర్వాత అడగండి: అది వాళ్ల హక్కే, మరి ఆ రోజు అక్కడ ఉండి ఉంటే నువ్వేం చేసేవాడివి? వాడు ఏం చెప్తాడో నాకు తెలియదు గానీ, మీ ఇద్దరి మధ్య ఉన్న మౌనం కన్నా ఆ జవాబు మంచిదే అవుతుంది.

ప్లకార్డు పట్టుకున్న ఆ చిన్నపిల్ల గురించి కూడా ఒక మాట. మీకు ఆ పిల్ల మీద కోపం వచ్చిందని రాయలేదు, సంతోషం. వెస్ట్‌బరో పాస్టర్ మనవరాలు మేగన్ ఫెల్ప్స్-రోపర్ అయిదేళ్ల వయసు నుంచే పికెటింగుల్లో నిలబడింది. పెద్దయ్యాక ట్విట్టర్‌లో ఆ చర్చి తరఫున వాదించేది. అక్కడ తనతో తిట్టుకోకుండా, ఓపిగ్గా ప్రశ్నలు అడిగిన కొందరు పరాయివాళ్ల వల్ల తన నమ్మకం సడలిందని ఆమే చెప్పింది. 2012లో చెల్లెలితో కలిసి అన్నీ వదిలి బయటికొచ్చేసింది.

ఇక ఫొటోలు. పెట్టొద్దమ్మా. అందరికీ తెలియాలన్న మీ ఉద్దేశం మంచిదే. కానీ ఆల్బర్ట్ స్నైడర్‌కు ఆ మాటలు చేరింది రోడ్డు మీద కాదు, ఆ రాత్రి టీవీలో. మీ పక్కింటావిడ ఆ ప్లకార్డులు చదివి ఉండదని మీరే రాశారు. మీరు ఫేస్‌బుక్‌లో పెడితే ఎవరో ఒకరు సానుభూతితోనే ఆవిడకు షేర్ చేస్తారు, కొడుకు పేరు కింద ఆ అక్షరాలు ఆవిడ ఫోన్లోకి వచ్చి కూర్చుంటాయి. పోలీసు ఫిర్యాదుకు అవసరమవుతాయేమోనని అనుమానముంటే, ఒక కాపీ ఎవరికీ కనబడని చోట దాచండి. లేదంటే ఈ రోజే తీసేయండి. ఆవిడ దగ్గరికి వెళ్లినప్పుడు నిరసన గొడవ ఎత్తకండి. మీ ఇంట్లో ఆ అబ్బాయి ఆడుకున్నప్పటి ఫొటోలు ఉండే ఉంటాయి కదా, అవి పట్టుకెళ్లండి.